నీళ్లనడగాలి

‘సహజం’ అనే మాటతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. ఆడవాళ్ల విషయంలో ఆ మాట వాడినంతగా ఇంకెక్కడా వాడరు. ఓర్పు ఆడవాళ్లకి సహజం. వంట సహజం. పిల్లల కోసం కడుపు మాడ్చుకోవడం సహజం. మగవాళ్లు బయట తిరగడం, నాలుగువైపులా చూపు పడటం... అవీ సహజమే. ఎవరైనా ‘ఎందుకలా?’ అని అడిగితే వెంటనే జంతువుల్ని సాక్ష్యానికి పిలుస్తారు. ఆవుని చూడు, కోడిని చూడు, నోరులేని జీవాలే అలా ఉంటున్నాయి కదా అంటారు. అలా పిలిచేవాళ్లలో ఎంతమంది ఆ ఆవునో కోడినో ఒక గంటసేపు నిలబడి చూశారో నాకు అనుమానమే.

మూడేళ్లుగా నేనొక నోరులేని జీవాన్ని రోజూ చూస్తున్నాను. మా అమ్మాయి ఇంటినుంచి పనిచేసే రోజుల్లో మూడడుగుల అద్దాలతొట్టి ఒకటి కొనుక్కుంది. తర్వాత తన ఉద్యోగం బెంగుళూరుకి మారింది. తొట్టి హైదరాబాదులో నాకు మిగిలింది. అందులో ఉన్నవి క్రిబెన్సిస్ అనే చేపలు. వాటిని పిల్లలు పెట్టించి పెంచుతున్నానంటే మా బంధువుల్లో కొందరికి నవ్వొస్తుంది. ‘చేపల పులుసు పెట్టుకోక ఇదేం పిచ్చి’ అంటారు. నేను చూసిందీ, చదివి తెలుసుకున్నదీ రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇది పశ్చిమాఫ్రికా చేప. దక్షిణ నైజీరియాలో, నైజర్ నది పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే ప్రాంతంలో, ఆ పక్కనే ఉన్న కామెరూన్ తీరంలో ఉంటుంది. సిక్లిడ్ల కుటుంబంలో చిన్నరకం. మన చెరువుల్లో చేరిన తిలాపియా, కేరళవాళ్లు ఇష్టంగా తినే కరిమీన్ కూడా ఆ కుటుంబానివే. మగది నాలుగంగుళాలుంటే ఆడది మూడంగుళాలు. 1901లో బౌలెంజర్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ‘పుల్చర్’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ‘అందమైన’ అని అర్థం, అదీ పుంలింగ రూపంలో. కానీ తొట్టిముందు నిలబడ్డ ఎవరి చూపైనా ముందు ఆడదానిమీదే పడుతుంది. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. జతకట్టే రోజుల్లో దాని పొట్ట, నేరేడుపండు కొరికితే లోపల కనిపిస్తుందే, ఆ రంగులోకి తిరుగుతుంది. ‘క్రిబెన్సిస్’ అనే వాడుకపేరేమో కామెరూన్‌లోని క్రిబి అనే ఊరినుంచి వచ్చింది. అది నిజానికి దీని బంధువైన ఇంకో చేపకి పెట్టిన పేరు. అమ్మేవాళ్ల నోళ్లలో పడి దీనికి అతుక్కుపోయింది. పెళ్లితో ఇంటిపేరు మారినవాళ్లకి ఇందులో పెద్ద వింతేం కనిపించదు.

రంగులూ హంగులూ మగజీవాలవి, ఎంచుకోవడం ఆడజీవాల పని అని 1871లో డార్విన్ రాశాడు. చాలా జీవాల్లో అది నిజమే. ఈ చేప దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. దీనికి దగ్గరి బంధువైన మరో రకం మీద జర్మనీలో, బాన్ విశ్వవిద్యాలయంలో పరిశోధనలు చేశారు. ఆ చేపల్లో మగవి కూడా ఎంచుకుంటాయనీ, పొట్టమీద ఊదారంగు ఎక్కువగా ఉన్న ఆడవాటి వైపు మొగ్గుతాయనీ తేలింది. మా తొట్టిలో నేను చూసేదీ అదే. ఆడచేప ఒళ్లు విల్లులా వంచి, పొట్ట మగదాని మొహం ముందు నిలిపి సన్నగా వణుకుతుంది. అది పట్టించుకోకుండా తిరిగితే వెనకాలే వెళ్లి మళ్లీ వంగుతుంది. చొరవ ఆడదానిదే. దీన్నిబట్టి ఆడవాళ్లంతా అలా చెయ్యాలని నేను అనబోవడం లేదు. ఆడది సిగ్గుపడటం ప్రకృతి ధర్మం అని ఇంకెవరైనా అంటే మాత్రం ఒకసారి మా ఇంటికి రమ్మంటాను.

అద్దాలతొట్టి అంటే ఇంటికి అలంకారం అనుకుంటాం. నిజానికి అది ఇంటిపని. నూరు లీటర్ల నీళ్లలో పాతిక లీటర్లు ప్రతి వారం మార్చాలి. కొత్తనీళ్లలో క్లోరిన్ పోవడానికి హైపో కలపాలి. చేపలు విసర్జించేదీ, తినగా మిగిలిందీ కలిసి నీళ్లలో అమోనియా తయారవుతుంది. అది చేపలకి విషం. వడపోత స్పాంజిలో ఉండే బ్యాక్టీరియా ఒకటి దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, ఇంకోటి ఆ నైట్రైటుని అంత హాని చెయ్యని నైట్రేటుగా మారుస్తుంది. స్పాంజిని నేరుగా పంపు కింద కడిగితే క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే దాన్ని పిండుకోవాలి. ఈ బ్యాక్టీరియా ఎవరి కంటికీ కనపడదు. అది పని మానేశాక చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరిస్తే అప్పుడు తెలుస్తుంది, ఇన్నాళ్లూ అదొకటి ఉండేదని.

మా ఆయన అప్పుడప్పుడూ తొట్టి దగ్గర నిలబడి, ‘నీళ్లు తేటగానే ఉన్నాయిగా, మళ్లీ మార్చడం ఎందుకు?’ అంటుంటారు. మారుస్తున్నాను కాబట్టే తేటగా ఉన్నాయని చెప్తాను. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఇల్లు శుభ్రంగా ఉన్న రోజున కూడా ఈ మాటే చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక వాటి కాపురం సంగతి. ఇవి గుహల్లో గుడ్లు పెట్టే చేపలు. కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప అంచుకి బొటనవేలు పట్టేంత కంత చేసి, ఉడకబెట్టి, ఇసకలో బోర్లించాను. రెండురోజుల్లో ఆడచేప దాన్ని స్వాధీనం చేసుకుంది. లోపలున్న ఇసకని నోటితో తీసి బయటికి ఊయడం మొదలుపెట్టింది. రోజంతా అదే పని. నోరులేని జీవం అన్నాను గానీ ఈ చేప పనంతా నోటితోనే. తవ్వడం, మొయ్యడం, శుభ్రం చెయ్యడం, పిల్లల్ని ఎత్తుకోవడం, తగవులాడటం అన్నీ. చిప్ప లోపలి కప్పుకి తలకిందులుగా వంద దాకా గుడ్లు అంటిస్తుంది. ఆ తర్వాత మూడురోజులు బయటికి రాదు. రెక్కలతో గుడ్లకి నీళ్లు విసురుతూ కూర్చుంటుంది. మగది గుమ్మం ముందు కాపలా కాస్తుంది.

మొదటి రెండుసార్లు తెల్లారేసరికి గుడ్లు లేవు. తినేశాయి. అప్పుడు పక్కింటావిడ అన్నమాట నాకు బాగా గుర్తు: ‘అయ్యయ్యో, కడుపున పుట్టినవాటిని తినేసిందా! ఏం తల్లండీ అది!’ ఆవిడ మంచి మనిషే. కానీ ఒక సంగతి చూడండి. తిన్నదెవరో ఆవిడా చూడలేదు, నేనూ చూడలేదు. మగది తిని ఉండొచ్చు. ఇద్దరూ కలిసి తిని ఉండొచ్చు. ఇప్పటిదాకా ఒక్కరు కూడా ‘ఏం తండ్రండీ అది’ అనలేదు. తల్లి అనే మాటకి మనం రెండే గదులు కట్టాం. ఒకటి దేవతది, ఒకటి రాక్షసిది. మూడో గది లేదు.

ఈ చేపల గురించి రాసిన పుస్తకాలన్నీ చెప్పేదొకటే. లేతవయసు జంటలు మొదట్లో గుడ్లు తినడం మామూలు. ఫలించని గుడ్లకి బూజు పడితే పక్కవాటికి అంటకుండా తల్లే వాటిని తీసేస్తుంది. చుట్టూ అలికిడి ఎక్కువైనా, రాత్రంతా వెలుతురున్నా, వేరే చేపల బెదురున్నా గుడ్లు దక్కవు. పిల్లలు బతికే వీలు లేదనిపించినచోట అవి ఆ శ్రమ మొదట్లోనే వదిలేసుకుంటాయి. మా తొట్టి హాల్లో, వీధితలుపు పక్కన, టీవీ ఎదురుగా ఉండేది. దాన్ని లోపలి గదిలోకి జరిపించాం. దీపం రాత్రి ఎనిమిదికల్లా ఆరిపోయేలా పెట్టాం. మూడోసారి గుడ్లు దక్కాయి. అదే చేప, అదే తల్లి. మారింది దాని గుణం కాదు కదా!

గుడ్లు పెట్టిన పదోరోజు పొద్దున చిప్ప కంతలోంచి ముందు తల్లి తల, దాని వెనక బూడిదరంగు పొగలాగా పిల్లలూ బయటికొచ్చాయి. ఒక్కోటీ కనురెప్ప వెంట్రుకంత. వాటి తిండికోసం ఉప్పునీళ్లలో ఆర్టీమియా గుడ్లు పొదిగించాలి. బోర్లించిన సీసాలో గాలి బుడగలు కొట్టిస్తుంటే ఒక రోజు, రోజున్నరలో సన్నటి నారింజరంగు పురుగులు ఈదుతాయి. వాటిని వడగట్టి, మంచినీళ్లతో కడిగి, పూటపూటా వెయ్యాలి. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో బ్యాటరీ పంపు వెతుక్కోవాలి. మనం వేసిన పెద్ద పలుకుని తల్లి నోట్లోకి తీసుకుని, నలిపి, పొడిగా చేసి పిల్లల మధ్యకి ఊస్తుంది. ఏదైనా నీడ కదిలితే పొట్టకింది రెక్కల్ని టక్కున ఆడిస్తుంది. అంతే, పిల్లలన్నీ ఇసకకి అతుక్కుపోతాయి. సాయంత్రమయ్యేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ తప్పిపోయినవాటిని నోట్లోకి పీల్చుకుని, చిప్పలోకి తీసుకెళ్లి వదులుతాయి.

నేను గమనించిందేమిటంటే, ఈ పంపకం రాసిపెట్టినట్టు ఉండదు. మొదటివారం లోపలిపని ఆడదానిది, బయటి కాపలా మగదానిది. తర్వాత అది పిల్లల్ని తిప్పుతుంటే ఇది కాపలాకి వెళ్తుంది. మగది కాపలా వదిలి తిండికోసం తిరుగుతుంటే ఆడది వెళ్లి డొక్కలో పొడుస్తుంది. ఒకసారి తోకరెక్క చిరిగేలా తరిమింది. తొట్టి చూడ్డానికొచ్చిన ఒకాయన, ‘అబ్బో, గయ్యాళిదండీ ఇది’ అన్నారు. అంతకుముందు వారం మగది దాన్ని అదేవిధంగా తరిమినప్పుడు ఆయనే, ‘మగాడంటే అలా ఉండాలి, ఇలాకా కాపాడుకుంటోంది’ అన్నారు.

అన్నట్టు, మన తెలుగు వ్యాకరణంలో ఆడమనిషికీ చేపకీ ఒకటే క్రియ. ఆమె వచ్చింది, చేప వచ్చింది. మగమనిషికి మాత్రమే వేరు, అతను వచ్చాడు. మా తొట్టిలో మగచేపా ‘వచ్చింది’, ఆడచేపా ‘వచ్చింది’. కనీసం అక్కడ ఇద్దరూ సమానం.

ఇలా చెప్తుంటే, ‘చూశారా, తండ్రి కాపలా, తల్లి లాలన. ఆదర్శ కుటుంబం!’ అనేవాళ్లున్నారు. అందుకే ఇంకో సంగతి చెప్పాలి. 1997లో మార్టిన్, టాబోర్స్కీ అనే ఇద్దరు పరిశోధకులు ఈ చేపల్లో మగవాటి తీరుతెన్నుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కొన్ని మగచేపలు ఒక్క ఆడదానితో జతగా ఉండి పిల్లల్ని చూస్తాయి. కొన్ని పెద్ద ఇలాకా పట్టుకుని పలు ఆడచేపలతో ఉంటాయి. ఇంకొన్ని అలాంటి పెద్దమగదాని కింద చేరి, ఇలాకా కాపలాలో సాయం చేస్తూ, సందు దొరికినప్పుడు తామూ సంతానం పొందుతాయి. ఒకే చేపలో మూడు రకాల కుటుంబాలు! ఇందులో ఏది ‘సహజ’ కుటుంబం? మనకి కావలసినదాన్ని మాత్రం తీసుకుని మిగిలిన రెండింటినీ తొట్టిలోనే వదిలేస్తే అది ప్రకృతి ఇచ్చిన సాక్ష్యం అవదు. సాక్షికి మనం నేర్పించిన మాట అవుతుంది.

ఆ మూడోవిడతలో అరవై పిల్లలు బయటికొస్తే నలభైమూడు పెద్దవయ్యాయి. మూడు నెలలు దాటాక ఆడా మగా తేడా తెలిసింది. లెక్కపెడితే ముప్ఫైఒకటి ఆడవి, పన్నెండు మగవి. ఆ తర్వాతి విడతలోనూ ఆడవే ఎక్కువ. ఎందుకా అని చదవడం మొదలుపెట్టాను.

మనుషుల్లో లాగా ఈ చేపల్లో ఆడో మగో అనేది పూర్తిగా గర్భధారణ నాడే తేలిపోదట. పిల్లలుగా ఉన్న తొలివారాల్లో అవి ఎలాంటి నీళ్లలో పెరిగాయన్నదాన్ని బట్టి మొగ్గు మారుతుంది. నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువైతే, అంటే పీహెచ్ తగ్గితే, మగవి ఎక్కువవుతాయి. పీహెచ్ పెరిగేకొద్దీ ఆడవి ఎక్కువవుతాయి. 1985లో రూబిన్ అనే పరిశోధకుడు దీన్ని ప్రచురించాడు. 2013లో రెడ్డన్, హర్డ్ అనేవాళ్లు మళ్లీ పరీక్షించి, ఆమ్లజలాల్లో మగవి ఎక్కువవడమే కాకుండా మగవాటి రంగుల రకాలు కూడా నీటినిబట్టి మారుతున్నాయని చూపించారు. మా అపార్టుమెంటులో బోరునీళ్లూ మంజీరా నీళ్లూ కలిసి వస్తాయి. బకెట్టు అంచుకి తెల్లటి చార కట్టే నీళ్లు. చుక్కలమందు వేసి చూస్తే పీహెచ్ ఏడున్నర దాటుతుంది. మా చేపకి ఆడపిల్లలెందుకు పుడుతున్నాయంటే నీళ్లనడగాలి.

ఆ రోజుల్లోనే మా అక్క తెనాలినుంచి వచ్చింది. తొట్టి ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు చూసింది. ‘ఇందులో ఆడపిల్లలెన్నే?’ అంది. లెక్క చెప్పాను. నీళ్లసంగతీ చెప్పాను. నవ్విందే గానీ ఏం మాట్లాడలేదు.

అక్కకి ముగ్గురూ ఆడపిల్లలే. మొదటి అమ్మాయి పుట్టినప్పుడు లక్ష్మీదేవి అన్నారు. రెండో అమ్మాయి పుట్టినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువ వినిపించిందని అక్క అంటుంది. 1991లో మూడోసారి నెల తప్పినప్పుడు, ‘పరీక్ష చేయించుకో’ అన్నారు అత్తగారు. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే చట్టం 1994లో గానీ రాలేదు. అప్పట్లో ఊళ్లో డాక్టరుకి డబ్బు కడితే చెప్పేవాళ్లు. ఆడపిల్లని చెప్తే ఆ తర్వాత ఏం చేయిస్తారో ఇంట్లో అందరికీ తెలుసు. అక్క ఎవరితోనూ వాదించలేదు. మూడోనెలలో పుట్టింటికొచ్చి, పురుడయ్యేదాకా కదల్లేదు. పుట్టిన మూడో అమ్మాయి ఇప్పుడేం చదివిందో, ఎంత సంపాదిస్తోందో ఇక్కడ రాయను. ఆడపిల్లగా పుట్టినందుకు ఏదో సాధించి చూపించాల్సిన బాకీ ఆ పిల్లకి లేదు.

అక్కని అన్నమాటలు మీరూ వినే ఉంటారు. ‘దాని కడుపే అంత.’ ‘ఆడపిల్లల కడుపు.’ అప్పటికి నేను డిగ్రీలో జీవశాస్త్రం చదువుకుని ఉన్నాను. 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిండిపురుగుల బీజకణాల్ని సూక్ష్మదర్శిని కింద చూసి, పుట్టేది మగో ఆడో అన్నది తండ్రి బీజంలోని క్రోమోజోమును బట్టి ఉంటుందని తేల్చింది. అదే ఏడాది విల్సన్ కూడా విడిగా ఆ దారిలోకే వచ్చాడు. మనుషుల్లోనూ తండ్రినుంచి వచ్చే ఎక్స్, వై క్రోమోజోములే దాన్ని నిర్ణయిస్తాయి. ఆడవాళ్ల మీద పడ్డ ఇంత పాత నిందని ఒక ఆడమనిషి పిండిపురుగుల్ని చూసి తుడిచేసిందని నాకు భలే సంతోషంగా ఉండేది. ఆ సంగతి అక్కకి అప్పుడే వివరంగా చెప్పాను. పసిపిల్లని ఒళ్లో వేసుకుని విన్నది. విని, ‘అయితే తప్పు నాది కాదు, మీ బావదంటావా? తప్పంటూ ఒకటి ఉందనేగా మరి!’ అంది.

ముప్ఫై ఏళ్లకి పైగా ఆ మాట నాతో ఉంది. నింద ఎవరిమీద వెయ్యాలన్న దగ్గరే మన చదువులు ఆగిపోతాయి. తల్లి మీదనుంచి తీసి తండ్రి మీద వేస్తే న్యాయం జరిగినట్టు అనుకుంటాం. ఆడపిల్ల పుట్టడం అనేది ఒకరి మీద వెయ్యాల్సిన నింద ఎందుకయిందన్న ప్రశ్న అక్కడే పక్కన పడి ఉంటుంది. 2001 జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమంది ఉంటే ఆడపిల్లలు 927 మంది. 2011 నాటికి ఆ సంఖ్య ఇంకా తగ్గింది. క్రోమోజోముల పాఠం తెలియక కాదు. పాఠం చదువుకున్న డాక్టర్లే పరీక్షలు చేశారు, చదువుకున్న ఇళ్లవాళ్లే చేయించుకున్నారు. మనిషి పిల్ల ఆడో మగో తేల్చడం నీళ్ల చేతిలో లేదు. పుట్టిన ఆడపిల్ల బతకడం, పుట్టకముందే పోకుండా ఉండటం మాత్రం చుట్టూ ఉన్న నీళ్లని బట్టే. కట్నం ఒక నీరు, ఆస్తి కొడుక్కే అనడం ఒక నీరు, కొరివి పెట్టడానికి కొడుకుండాలనడం ఒక నీరు. ఆ నీళ్లని ఎవరూ పరీక్షించరు. గర్భసంచినే పరీక్షిస్తారు.

మా వీధి చివర చేపల షాపతను పెరిగిన పిల్లల్ని తీసుకుంటాడు. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు, ‘ఆడవైతే ఎన్నున్నా తెండి మేడం, రంగు మంచిగుంటది’ అన్నాడు. లోకంలో ఒక్కచోటైనా ఆడపిల్లలకి గిరాకీ ఉందని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అడుగుతున్నది పొట్టమీది రంగు కోసం. రంగు తగ్గిన ఆడవాటిని అతనే మూలతొట్టిలోకి మార్చడం తర్వాత చూశాను. కావాలనుకోవడం అన్నిసార్లూ గౌరవం కాదు.

జంటలుగా అడిగేవాళ్లకి మగవి తక్కువ పడుతున్నాయని ఈమధ్య అతను ఒక ఉపాయం చెప్పాడు. ఎండిన బాదం ఆకులు వేసి పీహెచ్ దింపితే మగవి ఎక్కువ వస్తాయట. మా నీళ్లంత చవుడున్నచోట ఆకులొక్కటే చాలవు గానీ, శుద్ధిచేసిన నీళ్లు కలిపితే సాధ్యమే. చేపల్ని పెంచేవాళ్లు చాలామంది చేసేదే. అందులో తప్పేం లేదు, చేపకి వంశమూ లేదు, కొరివీ లేదు. అయినా నేను చెయ్యలేదు. 1991లో అక్క పుట్టింటికి ఎందుకొచ్చిందో తెలిసినదాన్ని. ఏది పుడితే అదే పుట్టనీ అనుకునే చోటు ఒక్కటైనా నా చేతిలో ఉందనిపించింది.

ఈ చేప పుట్టింటి సంగతి కూడా చెప్పకపోతే ఇది సగం కథే అవుతుంది. మా జంట ఆ నీళ్లు ఎరగదు. చెన్నై పక్క కొళత్తూరులో పెంచి పంపినవని షాపతను చెప్తాడు. కానీ దాని పూర్వీకులు ఈదిన నైజర్ డెల్టా, 1950లలో చమురు దొరికిననాటినుంచి ఏమైందో లోకానికంతా తెలుసు. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆ డెల్టాలోని ఓగోనీ ప్రాంతం మీద నివేదిక ఇచ్చింది. ఒక ఊళ్లో జనం తాగుతున్న బావినీళ్లలో బెంజీన్ అనే విషం ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన హద్దుకి 900 రెట్లకి పైగా ఉందని అందులో రాశారు. అంతా శుభ్రమవడానికి పాతిక, ముప్ఫై ఏళ్లు పట్టొచ్చన్నారు.

ఆ నీళ్లనడిగింది కూడా ఆడవాళ్లే. 2002 జూలైలో ఎస్క్రావోస్ అనేచోట చమురు ఎగుమతి కేంద్రాన్ని ఇట్సెకిరి ఆడవాళ్లు వందలమంది ఆక్రమించి, పదిరోజుల పాటు పట్టుబట్టి కూర్చున్నారు. చేపలు పట్టీ అమ్మీ బతికిన ఊళ్లవాళ్లు. పిల్లలకి ఉద్యోగాలూ, బడీ, కరెంటూ, మంచినీళ్లూ కావాలన్నారు. బలవంతంగా కదిలిస్తే బట్టలు విప్పి నిలబడతామన్నారు. అమ్మల వయసువాళ్లు అలా నిలబడితే ఎదుటివాళ్లకి శాపం తగులుతుందని అక్కడి నమ్మకం. కంపెనీ దిగివచ్చి మాట్లాడింది, కొన్ని కోరికలకి ఒప్పుకుంది. నదిలో చేపలు తగ్గితే, పిల్లలు జబ్బుపడితే, తమలోనే ఏదో లోపం ఉందనుకుని ఇళ్లల్లో ఏడుస్తూ కూర్చోలేదు ఆ తల్లులు. నీళ్లలో ఏం కలిసిందో, ఎవరు కలిపారో అడగడానికి వెళ్లారు.

మొన్న తెనాలినుంచి అక్క ఫోన్ చేసింది. మనవరాలికి చూపించాలి, పిల్లల్ని చిప్పలోకి మోసే వీడియో తీసి పంపమంది. తీశాను. తల్లిచేప నోటినిండా పిల్లలతో వెళ్తుంటే మగది అడ్డొచ్చింది, ఇది ఆగకుండానే తోకతో ఒకటిచ్చి వెళ్లింది. అది చూసి అక్క మళ్లీ ఫోన్ చేసి మరీ నవ్వింది.

ఈ వారం కొత్తవిడత పిల్లలు చిప్పలోంచి బయటికొచ్చాయి. లెక్కకి అందడం లేదు గానీ యాభైకి తక్కువ ఉండవు. ఎన్ని ఆడవో తెలియడానికి ఇంకా మూడు నెలలు పడుతుంది. తొందరేం లేదు.